సోనీకి మనమంటే ఇంత చులకనా? ఒక పాత ప్లేస్టేషన్ అభిమాని గోడు

నల్లడబ్బా
శనివారం, డిసెంబర్ 13, 2025, రాత్రి 9:48

ముందే చెప్తున్నా, అవతలి కంపెనీల వాళ్లొచ్చి చంకలు గుద్దుకోడానికి రాస్తున్నది కాదిది. మొదటి ప్లేస్టేషన్ నుంచి ఇప్పటిదాకా మా ఇంట్లోకి ఇంకో కంపెనీ గేమ్ డబ్బా (కన్సోల్) రాలేదు. ఇన్నేళ్లు కొన్నవాడికి తిట్టే హక్కు కూడా ఉంటుందని నా లెక్క.

ధర ఎక్కువని ఏడుపు కాదు నాది. ఎప్పుడు తక్కువుంది కనుక? 2007లో పీఎస్3 (ప్లేస్టేషన్ 3) మన దేశానికి 39,990 రూపాయలకి వచ్చింది. 2014 జనవరిలో పీఎస్4 వచ్చింది, అదీ 39,990కే. అమెరికాలో అదే డబ్బా 399 డాలర్లు, అప్పటి మారకంలో పాతిక వేలు. సుంకాలు, పన్నులు అని సర్దిచెప్పుకుని కొన్నాం.

నన్ను తొలుస్తున్నది వేరు. ఇదివరకు డబ్బా పాతబడే కొద్దీ దిగొచ్చేది. 2000లో అమెరికాలో 299 డాలర్లున్న పీఎస్2, 2009 ఏప్రిల్‌కి 99 డాలర్లయింది. మన దగ్గర కూడా దిగుతూ దిగుతూ ఐదారు వేలకి వచ్చింది. మొదటి ఏడాది కొనలేనివాడు మూడో ఏడాది కొనేవాడు, వాడి తమ్ముడు ఐదో ఏడాది కొనేవాడు. ఆ డబ్బా 16 కోట్లు అమ్ముడుపోయిందంటే అలా వీధి వీధికీ దిగబట్టే కదా.

ఇప్పుడు చూడండి. పీఎస్5 మన దగ్గరికి 2021 ఫిబ్రవరి 2న 49,990కి వచ్చింది. అప్పటికే బయట దేశాల వాళ్లు రెండున్నర నెలలుగా ఆడేస్తున్నారు. 2022 నవంబర్‌లో దాన్ని 54,990 చేశారు. 2024 ఏప్రిల్‌లో స్లిమ్ అని తెచ్చారు. సన్నబడింది డబ్బా ఒక్కటే, ధర అదే 54,990. వయసుతో పాటు ధర పెరిగే ఎలక్ట్రానిక్ వస్తువుని మా తరం ఇప్పుడే చూస్తోంది.

పైగా పీఎస్5 ప్రో, అంటే దాంట్లోనే ఇంకా బలమైన మోడల్. 2024 నవంబర్ 7న ప్రపంచమంతా వచ్చింది, మనకి రాలేదు. వై-ఫై 7 (కొత్త తరం వై-ఫై) వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఇండియాలో అప్పటికి అనుమతి లేదు కాబట్టి ఇవ్వం అన్నారు. ఏడాది దాటింది.

ఇదే సోనీ ఒకప్పుడు మన పిల్లల కోసం హైదరాబాద్‌లో ఆటలు తయారుచేయించుకుందని ఇప్పటి కుర్రాళ్లకి చెప్తే నమ్మరు. 2009లో పీఎస్2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' చేసిన అరోనా టెక్నాలజీస్ హైదరాబాద్‌దే. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాలతో 'దేశీ అడ్డా' చేసిన గేమ్‌శాస్త్రా కూడా హైదరాబాద్‌దే. అవేమీ గొప్ప ఆటలు కావు, నిజం చెప్పాలంటే హనుమాన్ ఆట ఆడటం ఒక పరీక్ష. కానీ మనల్ని కూడా ఒక మార్కెట్‌గా లెక్కేసి, మనకంటూ ఏదో చేయాలన్న ఆలోచనైతే ఉండేది. ఇప్పుడు అది కూడా లేదు. అదీ నా గోడు.

---

గట్లుంటది_మామ
శనివారం, రాత్రి 10:15

అన్నా, నువ్వు రాసింది సదివితే పాత లవర్‌కు ఉత్తరం రాసినట్టున్నది. గది కంపెనీ అన్నా. లాభం ఏడుంటే ఆడికి పోతది.

చిప్‌ల ధరలు పెరిగినయ్, డాలర్ పెరిగింది. పీఎస్4 వచ్చినప్పుడు డాలర్ 62 రూపాయలు, ఇప్పుడు 90 దగ్గరికి వచ్చింది. ఇసొంటప్పుడు ధర దిగాలంటే ఎట్ల దిగుతది? ఇదివరకు రెండు మూడేండ్లకొకసారి చిప్ సైజు చిన్నగ అయ్యేది, చేసే ఖర్చు తగ్గేది, ధర కూడ తగ్గిచ్చేటోళ్లు. ఇప్పుడు కొత్త తరం చిప్ జేయాలంటే ఖర్చు ఇంకా ఎక్కువైతున్నది. గందుకే ఎక్స్‌బాక్స్ కూడ పెంచింది, నింటెండో కూడ పెంచింది. ఒక్క సోనీని పట్టుకొని ఏడిస్తే ఏం ఫాయిదా?

హనుమాన్ ఆట ముచ్చట మాత్రం కరెక్టే. మా బావమరిది ఇంట్ల ఉండె. పది నిమిషాలు ఆడి మళ్ల క్రికెట్ పెట్టినం.

---

పీసీ_పెద్దయ్య
శనివారం, రాత్రి 10:22

మీరు ఇలా కొట్టుకుంటూ ఉండండి. మీ సోనీ ఆటల్లో చాలావరకు కొన్నేళ్లు ఆలస్యంగా మా పీసీల దగ్గరికే వస్తున్నాయి. 2020లో హొరైజన్‌తో మొదలైంది, 2022లో గాడ్ ఆఫ్ వార్, 2024లో గోస్ట్ ఆఫ్ సుషీమా. మేం స్టీమ్ (పీసీ ఆటల ఆన్‌లైన్ దుకాణం) సేల్ కోసం ఆగి కొనుక్కుంటున్నాం. ఆన్‌లైన్ ఆడటానికి నెలకింత అని కప్పం కూడా కట్టం.

---

నల్లడబ్బా
శనివారం, రాత్రి 10:30

పెద్దయ్యా, మీరొస్తారని తెలుసు. గ్రాఫిక్స్ కార్డు ధర కూడా అదే చేత్తో రాసి వెళ్లండి.

---

స్వర్ణ_ప్లాటినం
శనివారం, రాత్రి 11:40

నల్లడబ్బా గారూ, మీరు ధర దగ్గరే ఆగిపోయారండి. నాకైతే ధర కన్నా ఆటల సంగతే ఎక్కువ బాధ. నేను సోనీ వైపు వచ్చిందే వాళ్ల సొంత జపాన్ స్టూడియో ఆటలు చూసి. ఇకో, షాడో ఆఫ్ ద కొలాసస్, ఏప్ ఎస్కేప్, లోకోరోకో, పటాపాన్, గ్రావిటీ రష్. ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు. పటాపాన్‌లో నాలుగు బటన్లతో డప్పు కొడితే చిన్న సైన్యం నడుస్తుంది, తాళం తప్పితే ఆగిపోతుంది. అలాంటి ఆటకి డబ్బులిచ్చే పెద్ద కంపెనీ ఇంకోటి లేదప్పుడు.

2021 ఏప్రిల్ 1న ఆ స్టూడియోని మూసేసినంత పని చేశారు. మిగిలింది ఆస్ట్రో చేసే టీమ్ అసోబి ఒక్కటే. తర్వాతి ఏడాది, 2026 మార్చిలోగా 12 లైవ్ సర్వీస్ ఆటలు తెస్తామని చెప్పారు. అంటే రోజూ లాగిన్ అవ్వాలి, సీజన్‌కో పాస్ కొనాలి, అవి. మరో ఏడాదిన్నరకి అది ఆరుకి దిగింది. లాస్ట్ ఆఫ్ అస్ ఆన్‌లైన్ రద్దయింది. ఇంకో లైవ్ సర్వీస్ ఆట కాన్‌కార్డ్ సంగతి అందరికీ తెలిసిందే. 2024 ఆగస్టు 23న విడుదల, సెప్టెంబర్ 6న సర్వర్లు బంద్, కొన్నవాళ్లందరికీ డబ్బు వాపసు. రెండు నెలలు తిరక్కుండా దాన్ని చేసిన స్టూడియో కూడా మూతబడింది.

ఇందులో తమాషా ఏమిటంటే, అదే సెప్టెంబర్ 6న ఆస్ట్రో బాట్ విడుదలైంది. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆట అదే. ఆ ఆట నిండా పాత ప్లేస్టేషన్ పాత్రలే, చిన్న చిన్న రోబోల వేషంలో. నేను ఒక్కొక్కదాన్నీ వెతికి పట్టుకుంటూ భలే సంతోషపడ్డాను, ఆటలోని ట్రోఫీలన్నీ కూడా సాధించాను. తర్వాత ఆలోచిస్తే కోపమొచ్చింది. ఆ పాత్రల్ని పుట్టించిన వాళ్లని ఇంటికి పంపేసి, వాటి బొమ్మలతో మన చేత కంటతడి పెట్టించడం ఏమిటండీ?

వీటా (సోనీ చేతిలో పట్టే కన్సోల్) గురించి మొదలెడితే తెల్లారిపోతుంది. అంత చక్కటి యంత్రానికి మామూలు మెమరీ కార్డు పట్టదు, సోనీ కార్డే కొనాలి. అమెరికాలోనే 32 జీబీ కార్డు వంద డాలర్లు. ఆ కార్డే దాన్ని సగం చంపింది.

---

గట్లుంటది_మామ
ఆదివారం, డిసెంబర్ 14, ఉదయం 8:05

స్వర్ణక్కా, కాన్‌కార్డ్ ఒక్కటే చెప్పి హెల్‌డైవర్స్ 2 ఎందుకు ఇడిచిపెట్టినవ్? అది కూడ లైవ్ సర్వీసే. 12 వారాల్ల కోటి ఇరవై లక్షలు అమ్ముడువోయింది. గ్రావిటీ రష్ అంటే నాకు కూడ ఇష్టమే, గానీ గది ఎంతమంది కొన్నరు? మనం కొనం, మళ్ల స్టూడియో మూసిన్రని ఏడుస్తం.

---

స్వర్ణ_ప్లాటినం
ఆదివారం, ఉదయం 8:50

గ్రావిటీ రష్ రెండు భాగాలూ కొన్నాను తమ్ముడూ, మొదటి రోజే. కొననివాళ్ల లెక్క నా ఖాతాలో వేయకు. 😀

హెల్‌డైవర్స్ మంచి ఆటే, కాదన్ను. దాన్నైనా ప్రశాంతంగా ఉండనిచ్చారా? 2024 మేలో పీసీ వాళ్లు కూడా పీఎస్ఎన్ (ప్లేస్టేషన్ నెట్‌వర్క్) ఖాతా కలపాల్సిందే అన్నారు. పీఎస్ఎన్ అసలు లేని దేశాలు బోలెడు. 177 చోట్ల స్టీమ్‌లో అమ్మకమే ఆగిపోయింది. జనం నెగటివ్ రివ్యూలు గుప్పించాక నాలుగు రోజుల్లో వెనక్కి తగ్గారు. ముందే ఒక్కసారి ఆలోచించి ఉంటే సరిపోయేది కదా.

---

చిప్_కొట్టిన_చేయి
ఆదివారం, ఉదయం 11:20

అందరూ పీఎస్2 రోజుల్ని స్వర్ణయుగం చేసేస్తున్నారు. అప్పట్లో నాది చిన్న రిపేరు షాపు. కాబట్టి కాస్త లోపలి సంగతి చెప్తా.

నా దగ్గరికి వచ్చిన పీఎస్2ల్లో కాపీ డిస్కులు నడిచేలా చిప్ కొట్టించకుండా వెళ్లినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లావు మోడల్‌కైతే బోర్డు మీద దారం లాంటి వైర్లు ఇరవై దాకా అతికించాలి, చేయి వణికితే బోర్డు పోయినట్టే. తర్వాత మెమరీ కార్డులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే పద్ధతి వచ్చి మా చిప్ పని కూడా పోయింది. కాపీ డిస్కు యాభై రూపాయలు, మహా అయితే వంద. ఒరిజినల్ డిస్కు పదిహేను వందలు అంటే అడిగినవాడు నవ్వి వెళ్లిపోయేవాడు. చవక డిస్కుల దెబ్బకి లెన్స్ అరిగిపోయి మళ్లీ నా దగ్గరికే వచ్చేవాళ్లు, అది నాకు ఇంకో బేరం.

వీధి వీధికీ దిగిందంటున్నారే నల్లడబ్బా గారు, అలా దిగింది. గంటకి పది, ఇరవై రూపాయలు తీసుకునే గేమ్ పార్లర్లలో గోడకి ఒరిజినల్ కవర్లు, డబ్బాలో కాపీ డిస్కులు. డబ్బా అమ్మకంలో సోనీకి మిగిలేది అంతంతమాత్రం, అసలు సంపాదన ఆటల మీదే. ఆ ఆటల డబ్బు మనమెవ్వరం సోనీకి ఇవ్వలేదు. ఇప్పుడు మార్కెట్‌గా చూడట్లేదంటే వాళ్ల దగ్గర మన పాత చిట్టా ఉంటుంది కదా.

తప్పని అనట్లేదు, ఒప్పని అనట్లేదు. అప్పట్లో జరిగింది అది.

---

నల్లడబ్బా
ఆదివారం, మధ్యాహ్నం 2:10

చిప్ గారూ, మీరన్నదాంట్లో ఒక్క అక్షరం కాదనలేను. మా వీధిలో అయితే ఒరిజినల్ డిస్కు ఎలా ఉంటుందో చూడటానికే ఒకరింటికి వెళ్లేవాళ్లం.

కానీ ఆ చిట్టాలో రెండో పేజీ కూడా ఉంది. పీఎస్4 వచ్చాక కాపీ ఆటలు దాదాపు పోయాయి. అప్పుడేమయింది, జనం ఆడటం మానేశారా? 3,999 పెట్టి డిస్కులు కొన్నారు. పీఎస్5కి ఆట 4,999 చేస్తే అది కూడా కొన్నారు. ఒకడు కొని ఆడి, సగం ధరకి ఇంకొకడికి అమ్మి, వాడు మరొకడికి అమ్మి, మొత్తానికి డబ్బు పెట్టే ఆడుతున్నారు. ఆన్‌లైన్ ఆడాలంటే ప్లస్ అనే చందా కట్టాలి. పీఎస్3 మీద ఉచితం, పీఎస్4 నుంచి చందా. సరే అని కట్టాం. 2022లో ఎసెన్షియల్ అనే కింది మెట్టు ఏడాదికి 2,999, 2023 సెప్టెంబర్‌లో 3,949. అమెరికాలో 60 నుంచి 80 డాలర్లు చేసిన రోజే మనకీ పెంచారు. పెంచడంలో మాత్రం మనల్ని వాళ్లతో సమానంగా చూస్తారు. అక్కడ ప్రీమియం అని పై మెట్టు ఉంది, పాత పీఎస్3 ఆటల్ని క్లౌడ్‌లో, అంటే నేరుగా ఇంటర్నెట్ మీదుగా, ఆడొచ్చు. మనకి దాని బదులు డీలక్స్, అందులో క్లౌడ్ లేదు.

అంటే కాపీ డిస్కులు కొన్న రోజుల్లో మన కోసం గిల్లీదండా ఆట చేయించారు. నిఖార్సుగా డబ్బు కట్టడం మొదలుపెట్టాక ప్రో కూడా ఇవ్వనంటున్నారు. నా కోపమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. మామ అన్నట్టు కంపెనీకి లాభమే కావాలనుకుందాం, మరి ఆ లాభం ఇచ్చేవాణ్ణి దూరం పెట్టడమేంటి?

---

ఆర్ఎఫ్_రాజు
ఆదివారం, సాయంత్రం 4:35

ప్రో గురించి ఒక్క మాట, వైర్‌లెస్ నా వృత్తి కాబట్టి. ప్రో వచ్చేనాటికి 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మన దేశంలో వై-ఫైకి వదలలేదన్నది వాస్తవం. టెలికాం కంపెనీలు ఆ స్పెక్ట్రం మాకు కావాలంటాయి, వై-ఫై వాళ్లు మాకు కావాలంటారు. 2025 మేలో టెలికాం శాఖ ఆ బ్యాండ్‌లో కింది భాగాన్ని లైసెన్సు లేకుండా వదిలేందుకు ముసాయిదా నియమాలు విడుదల చేసింది. కాబట్టి సోనీ చెప్పిన కారణం కట్టుకథ కాదు.

కానీ అది దాటలేని గోడ కూడా కాదు. ఐఫోన్ 16లో వై-ఫై 7 ఉంది. ఇండియాలో 6 గిగాహెర్ట్జ్ పనిచేయకుండా ఆపి అమ్మారు, ఎవరికీ ఇబ్బంది రాలేదు. 5 గిగాహెర్ట్జ్ మీద శుభ్రంగా నడుస్తుంది. ప్రోకి కూడా అలా చేయొచ్చు, దానికి మళ్లీ పరీక్షలు, అనుమతులు, కొంత ఖర్చు. లక్షల్లో అమ్ముడుపోయే ఫోన్‌కి ఆ ఖర్చు గిట్టుతుంది. 700 డాలర్ల కన్సోల్ ఇక్కడ వేలల్లో కూడా పోతుందో లేదోనని వాళ్ల లెక్క అయి ఉంటుంది. ఇది నా ఊహ.

---

డల్లాస్_బుజ్జి
ఆదివారం, రాత్రి 8:15

అమెరికాలో ఉంటే సుఖం అనుకుంటున్నారేమో, ఇక్కడా అదే గోలండీ బాబూ. 2025 ఆగస్టు 21న అన్ని మోడళ్లకీ 50 డాలర్లు పెంచారు. డిస్క్ మోడల్ 550, ప్రో 750 అయ్యాయి. ఆ ప్రోకి డిస్క్ డ్రైవు రాదు, నిలబెట్టే స్టాండు కూడా రాదు, రెండూ విడిగా కొనుక్కోవాలి. 750 డాలర్ల వస్తువుని పడుకోబెట్టి వాడుకో అన్నట్టు.

నాకు అసలు భయం డిజిటల్ మీద, అంటే డిస్కు లేకుండా ఆన్‌లైన్‌లో కొనేవాటి మీద. 2021 మార్చిలో పీఎస్3, వీటా, పీఎస్‌పీ (వీటాకి ముందటి చేతి కన్సోల్) ఆన్‌లైన్ స్టోర్లు మూసేస్తామన్నారు గుర్తుందా? గొడవయ్యాక ఏప్రిల్‌లో అప్పటి ప్లేస్టేషన్ అధిపతి జిమ్ ర్యాన్ తప్పు నిర్ణయమని ఒప్పుకుని మొదటి రెంటినీ ఉంచారు. 2023 డిసెంబర్‌లో డిస్కవరీ షోలు, జనం డబ్బు కట్టి 'కొన్నవి', లైసెన్సు అయిపోయింది కాబట్టి లైబ్రరీలోంచి తీసేస్తామన్నారు. మళ్లీ గొడవ, మళ్లీ వెనక్కి. రెండుసార్లూ జనం అరిస్తేనే ఆగింది. ఎవరూ పట్టించుకోని రోజున ఏమవుతుంది?

మా అబ్బాయి అడుగుతాడు, నాన్నా ఈ ఆట మనదేనా అని. ఏం చెప్పాలో తెలీక రౌటర్ వైపు చూపిస్తా.

---

లినక్స్_లింగమూర్తి
ఆదివారం, రాత్రి 9:02

ఇచ్చింది లాక్కోవడం సోనీకి ఇప్పుడొచ్చిన అలవాటు కాదు. పీఎస్3లో మొదట్లో 'అదర్ ఓఎస్' ఉండేది, లినక్స్ (కంప్యూటర్లలో వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించుకోవచ్చు. డబ్బా కాదు కంప్యూటర్ అని వాళ్లే గొప్పగా చెప్పుకున్నారు. అమెరికా వైమానిక దళం 1,760 పీఎస్3లు కలిపి కాండోర్ అనే సూపర్ కంప్యూటర్ కట్టుకుందంటే చూడండి. అలాంటిది 2010 ఏప్రిల్ 1న 3.21 అప్‌డేట్‌తో తీసేశారు. ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు చాలామంది. అప్‌డేట్ వద్దంటే ఆన్‌లైన్ ఉండదు, కావాలంటే లినక్స్ ఉండదు. అమెరికాలో కోర్టుకెక్కారు, ఏళ్ల తరబడి నడిచాక తలకి కొన్ని డాలర్లు చేతిలో పెట్టి రాజీ చేసుకున్నారు.

మరుసటి ఏడాది ఏప్రిల్ 20న పీఎస్ఎన్ మూతబడింది. 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు దొంగల పాలు. మూడు వారాలకి పైగా నెట్‌వర్క్ లేదు. ఆ దెబ్బ తిన్నాకే కదా పీఎస్4 అంత వినయంగా వచ్చింది. 2013లో ఎక్స్‌బాక్స్ వాళ్లు పాత డిస్కుల మీద ఆంక్షలంటే, సోనీ వాళ్లు స్నేహితుడికి డిస్కు ఎలా ఇవ్వాలో చూపించే వీడియో చేశారు. ఒకడు ఇస్తాడు, ఇంకొకడు పుచ్చుకుంటాడు, అంతే వీడియో. గెలిచినప్పుడల్లా వీళ్లకి నెత్తికెక్కుతుంది, ఓడినప్పుడల్లా కాళ్ల మీద పడతారు. ఇప్పుడు ఎదురుగా ఎక్స్‌బాక్స్ చేతులెత్తేసింది. ఇంక వీళ్లని కిందకి దించేదెవరు?

---

వేదిక_కాపలా (మోడరేటర్)
ఆదివారం, రాత్రి 9:30

కంట్రోలర్ డ్రిఫ్ట్ (ముట్టుకోకుండానే దానంతటదే కదిలే జబ్బు) గొడవలకి వేరే త్రెడ్ ఉంది, ఇక్కడ పెట్టిన మూడు పోస్టులు అక్కడికి మార్చాను. షాపుల పేర్లు, సర్వీస్ సెంటర్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాయొద్దు. పెద్దయ్యగారి గ్రాఫిక్స్ కార్డు ధర మీద వచ్చిన జోకులు తీసేశాను. బాగానే ఉన్నాయి కానీ మరీ ఎక్కువయ్యాయి.

---

గట్లుంటది_మామ
ఆదివారం, రాత్రి 10:40

నిన్న సోనీ దిక్కు మాట్లాడిన గదా, ఇయ్యాల ఒక ముచ్చట జూసి నాకే కాలింది. మొన్న నవంబర్ 21న జపాన్‌ల పీఎస్5 డిజిటల్ (డిస్కు డ్రైవు లేని మోడల్) 55,000 యెన్‌లకు ఇడిసిన్రు. అంతకుముందు అదే డిజిటల్ 72,980 యెన్‌లు. ఎట్ల తగ్గిచ్చిన్రంటే, గది జపనీస్ భాషల తప్ప నడ్వది, జపాన్ ఖాతా ఉండాలె. బయటి దేశపోళ్లు కొనుక్కపోకుండ తాళం ఏసిన్రన్నట్టు.

అంటే చిప్ ఖర్చు, డాలర్ రేటు అని నేను చెప్పిన లెక్కలన్ని ఉన్నా కూడ, వాళ్లకు కావాల్నంటే తొవ్వ దొరుకుతది. సొంత దేశంల నింటెండో కొడుతున్నది, అక్కడి పిల్లలు స్విచ్ 2 దిక్కు పోతున్నరు, గందుకే తగ్గిచ్చిన్రు. స్విచ్ 2కు కూడ గిదే పద్ధతి, జపనీస్ మోడల్ చవక. మరి మన దేశానికి గసొంటి డబ్బా ఎందుకు చెయ్యరు? తెలుగు, హిందీ, తమిళం మాత్రమే నడిచే డబ్బా 35 వేలకు ఇయ్యి, క్యూ కడ్తం.

---

స్వర్ణ_ప్లాటినం
ఆదివారం, రాత్రి 10:55

తెలుగులో మెనూ పెడితే నాకు ట్రోఫీల పేర్లు అర్థం కావడానికి ఇంకో ఏడాది పడుతుంది. అయినా సరే, 35 వేలంటే సంతకం పెట్టేస్తా.

---

చిప్_కొట్టిన_చేయి
ఆదివారం, రాత్రి 11:10

మామా, జపాన్‌లో సోనీకి పోటీదారుడు ఉన్నాడు కాబట్టి దిగారు. ఇక్కడ వాళ్లకి పోటీ ఇంకో డబ్బా కాదు, పదిహేను వేల ఫోన్. కుర్రాళ్లంతా ఫోన్‌లో ఉచితంగా ఆడుకుంటున్నారు. కుర్రాణ్ణి 35 వేల డబ్బా దాకా తెచ్చినా ఆట 4,999 అనేసరికి మళ్లీ ఫోన్‌కే పోతాడు. డబ్బా ధర దించితే చాలదు, ఆట ధర కూడా దించాలి. స్టీమ్ వాళ్లు మన రూపాయి చూసి ధర సూచిస్తారు, కొన్ని కంపెనీలు పాటిస్తాయి. సోనీ స్టోర్‌లో ఆ ఊసే తక్కువ.

---

కొత్తగా_వచ్చా
సోమవారం, డిసెంబర్ 15, సాయంత్రం 6:20

అన్నయ్యలూ, అక్కా, నమస్తే. బీటెక్ మూడో ఏడాది, రాజమండ్రి. త్రెడ్ మొత్తం చదివాక ఇంకా అయోమయంగా ఉంది. ఇంటర్న్‌షిప్ డబ్బులు దాచి పీఎస్5 కొందామనుకుంటున్నా. ఫోన్ తప్ప ఇంతవరకు దేంట్లోనూ ఆడలేదు. డిజిటల్ అయితే ధర తక్కువ కదా, అది తీసుకోనా? లేక మీరందరూ ఇంత తిడుతున్నారు, అసలు కొనడమే మానేయనా?

---

పీసీ_పెద్దయ్య
సోమవారం, సాయంత్రం 6:24

ల్యాప్‌టాప్ కొనుక్కో నాయనా, చదువుకీ పనికొస్తుంది.

---

నల్లడబ్బా
సోమవారం, రాత్రి 9:15

తమ్ముడూ, కొనుక్కో. తిట్టేది వేరు, ఆట వేరు. ఆస్ట్రో బాట్ మొదటి గంట ఆడి చూడు, ఆ కంట్రోలర్ చేతిలో వానచినుకుల్లా కదులుతుంటే నీకే తెలుస్తుంది మేమంతా ఎందుకు పట్టుకుని వేలాడుతున్నామో. వాళ్లకి యంత్రం చేయడం వచ్చు. అది రాకపోతే నాకు ఇంత కోపమే ఉండదు, ఎప్పుడో వదిలేసేవాణ్ణి.

డిజిటల్ మాత్రం వద్దు. ఆ డబ్బు మిగిలినట్టు కనిపిస్తుంది గానీ, తర్వాత నీకు ఉండేది ఒకే ఒక్క దుకాణం, వాళ్లు చెప్పిందే ధర. డిస్క్ మోడల్ అయితే పాత డిస్కులు వెయ్యికీ పదిహేను వందలకీ దొరుకుతాయి, ఆడాక అమ్ముకోవచ్చు. పీఎస్4 డిస్కులు కూడా దాదాపు అన్నీ నడుస్తాయి, కాబట్టి మొదటి ఏడాది కొత్త ఆట కొనాల్సిన పనే లేదు. స్లిమ్‌కి డ్రైవు తర్వాత విడిగా తగిలించుకోవచ్చంటారు, నిజమే, కానీ దాన్ని మొదటిసారి ఇంటర్నెట్‌లో డబ్బాతో జత చేయాలి, ఖర్చూ కలిసి రాదు.

ప్లస్ వెంటనే కట్టొద్దు. ఒంటరిగా ఆడే ఆటలకి అది అక్కర్లేదు. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకీ అక్కర్లేదు.

---

కొత్తగా_వచ్చా
సోమవారం, రాత్రి 9:32

థాంక్యూ అన్నయ్యా. మా ఊళ్లో ఒక షాపతను బయటి దేశం నుంచి తెప్పించింది 48 వేలకి ఇస్తానంటున్నాడు, డిస్క్ మోడలే. తీసుకోవచ్చా?

---

చిప్_కొట్టిన_చేయి
సోమవారం, రాత్రి 9:41

వద్దు. అది చెడితే ఇక్కడి వారంటీ రాదు, చివరికి నాలాంటోడి దగ్గరికే రావాలి. సంక్రాంతి ఆఫర్ల దాకా ఆగు, ఎంతో కొంత తగ్గొచ్చు. కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు తీసుకో, పెట్టె మీదున్న సీరియల్ నంబర్, డబ్బా వెనకున్న నంబర్ ఒకటేనో కాదో అక్కడే చూసి, ఆ నంబర్ బిల్లులో కూడా రాయించుకో.